నా ముఖాన్ని కాల్చిన సీతాకోకచిలుకల తోట

ఆ రోజు పొద్దున ముఖం కడుక్కుంటుంటే నీళ్లు తగిలిన చోటల్లా కారం పూసినట్టు మండింది. కనురెప్పలు రెండూ ఉబ్బి ఉన్నాయి. మెడ చుట్టూ, చెవుల వెనక, మోచేతి మడతల్లో ఎర్రగా దద్దు లేచింది. వానలు మొదలై నెల దాటి ఉంటుంది. దోమలు కుట్టాయనుకుని కొబ్బరినూనె రాసుకుని పనిలో పడ్డాను. సాయంత్రానికి కళ్లు సగమే తెరుచుకున్నాయి.

నా పేరు ఉరుకుందమ్మ. ఎమ్మిగనూరు నుంచి ఆదోని పోయే రోడ్డులో, ఊరు దాటాక, నేనూ నా భర్త మద్దిలేటీ చిన్న నర్సరీ నడుపుతున్నాం. అంతకు ముందు ఇద్దరం పత్తి చేలకు కూలికి పోయేవాళ్లం. పదో తరగతి పాసై పత్తి ఏరడం నాకు నచ్చలేదు. ఒకరి గట్టు మీద నిలబడి ఒకరి చేత మాట పడటం అసలే నచ్చలేదు. నర్సరీ పెట్టాలని పట్టుబట్టింది నేనే. అది పోతే మళ్లీ ఆ చేలే గతి అని నాకు ప్రతిరోజూ గుర్తుండేది. నాకు ఓర్పు తక్కువ, నోరు ఎక్కువ. చదువుతుంటే మీకే తెలుస్తుంది.

మా వైపు ఎవరికి ఒళ్లు మండినా ముందు వచ్చే మాట ఒకటే: మందు పడింది. మందంటే పత్తికి కొట్టే పురుగుమందు. మందు కొట్టిన రోజు కళ్లు మండటం, చేతులు పొట్టు లేవడం చిన్నప్పటి నుంచి చూస్తున్నదే. సరిగ్గా ముందు రోజే మద్దిలేటి మందార మొక్కలకు పిండినల్లి పట్టిందని మందు కొట్టాడు. నాకు ఇంకేం కావాలి? ఆ సాయంత్రం అతన్ని దులిపేశాను.

"నీ మందు గాలికి నా మొగం కాలిపాయె. గాలి యాపక్క కొడతాందో సూసుకోవా?"

"కొట్టింది నేను. నాకేం కాలేదు గదా. ఆడెక్కడో ఉన్న నీకెట్ల అయితాది?"

"నీది ఎనుము తోలు" అన్నాను.

అతను అడిగింది సరైన ప్రశ్న. చేతిలో పంపు పట్టుకున్న మనిషికి ఏమీ కాకుండా, షెడ్డు అవతల కుండీలు సర్దుకుంటున్న నాకెందుకు అయింది? ఆ మాట అప్పుడే చెవిన పెట్టి ఉంటే దాదాపు రెండేళ్లు మిగిలేవి. పెట్టలేదు. నా మీద నాకున్న కోపంలో పెద్ద వాటా దానిదే.

మా పేటలో ఒక ఆర్‌ఎంపీ ఉన్నాడు. కుర్చీలోంచి లేవకుండానే నా ముఖం చూసి జబ్బు తేల్చేశాడు. "మందు ఎలర్జీ అక్కా. సూది ఏస్తా, ట్యూబ్ రాసిస్తా, రొండు దినాల్లో తగ్గుతాది."

తగ్గింది. రెండు రోజుల్లో ముఖం మామూలైంది. అతన్ని నలుగురి దగ్గర పొగిడాను కూడా. ట్యూబ్ అయిపోయిన వారానికి మళ్లీ లేచింది. మళ్లీ ట్యూబ్, మళ్లీ తగ్గడం, మళ్లీ లేవడం. లేచిన ప్రతిసారీ మునుపటి కంటే ఎక్కువ చోట లేచేది. మెడికల్ షాపులో చీటీ అడిగేవాళ్లు లేరు. పేరు చెబితే చాలు, ట్యూబ్ చేతిలో పెట్టేవాళ్లు. పళ్లు తోముకున్నంత మామూలుగా రోజూ అదే రాసుకున్నాను.

జబ్బుకు కారణం తెలిసిపోయిందనుకున్నాను కాబట్టి నర్సరీలోకి పురుగుమందు రానివ్వలేదు. మద్దిలేటి చేత బోర్డు రాయించాను: "ఇక్కడి మొక్కలకు మందు కొట్టము." మందు ఆపితే పురుగు వచ్చింది. పురుగుతో పాటు సీతాకోకచిలుకలూ వచ్చాయి. కార్లు ఆపి మరీ జనం చూసేవాళ్లు. "ఇవి మా ఇంటికీ రావల్లంటే యా చెట్టు పెట్టల్ల?" అని అడిగేవాళ్లు. మొదట్లో నోటికొచ్చింది చెప్పాను. తర్వాత అబద్ధం చెప్పి అమ్మడం సిగ్గనిపించి, పొద్దున పూట ఒక స్టూలు వేసుకుని కూర్చుని ఏది దేని మీద వాలుతోందో చూసి నోట్‌బుక్‌లో రాసుకున్నాను.

చూసిన కొద్దీ అర్థమైంది. వాటికి రెండు రకాల మొక్కలు కావాలి. తేనె తాగడానికి కొన్ని, గుడ్లు పెట్టడానికి కొన్ని. తేనె తాగేటప్పుడు కాళ్లు ఆనించుకోవడానికి చదునైన పువ్వు అయితే ఎక్కువసేపు నిలుస్తాయి. పొద్దుటి ఎండ పడాలి, గాలి విసురు తగలకూడదు. ఒక్కో మొక్క అక్కడొకటి ఇక్కడొకటి పెడితే పట్టించుకోవు, ఒకే రకం పది కలిపి గుంపుగా పెడితే వస్తాయి. నా నోట్‌బుక్‌లో తేనె మొక్కల వరుస ఇలా ఉండేది: బంతి, జినియా, కాస్మాస్, చామంతి. నీళ్లు తక్కువైనా బతుకుతాయి, నెలన్నరకే పూస్తాయి. మా ఎర్రటి ఎండకు ఇంతకంటే ఏం కావాలి అనుకున్నాను.

మా పక్కనే ఖాళీ ప్లాటు ఉంది. వాన పడితే చాలు, నడుం ఎత్తు వయ్యారిభామ లేస్తుంది. తెల్లటి చిన్న పూలతో రోడ్ల పక్కన ఎక్కడ చూసినా కనబడే గడ్డి అది. మందు మానేశానన్న గర్వం నెత్తికెక్కి, ఆ గడ్డి కూడా వృథా కాకూడదనుకున్నాను. కొడవలితో కోసి, ఎండబెట్టి, చేతులతో నలిపి బంతి మొక్కల మొదళ్లలో పరిచాను. తేమ ఆరకుండా ఉంటుందని. ఇది నాకు ఎవరూ చెప్పలేదు. పూర్తిగా నా సొంత తెలివి.

మా సీతాకోకచిలుకల సంగతి పాకి ఆదోనిలో ఒక ప్రైవేటు బడి నుంచి పిలుపు వచ్చింది. ఆవరణలో బటర్‌ఫ్లై గార్డెన్ కావాలన్నారు. మొక్కలు మావే, నాటడం మాదే, ఏడాదిపాటు చూసుకోవడం మాదే. మా నర్సరీకి అంత పెద్ద పని అంతకు ముందు రాలేదు. నా నోట్‌బుక్ ప్రకారమే నాటాను. మొదళ్లలో అదే గడ్డి పరిచాను. రెండు నెలలకు సీతాకోకచిలుకలు గుంపులుగా దిగాయి. నా ముఖం మాత్రం నల్లబడి, మందంగా, గీతలు గీతలుగా తయారైంది. గోక్కోకుండా పది నిమిషాలు ఉండలేకపోయేదాన్ని.

ఒక రోజు ప్రిన్సిపాల్ మేడం నన్ను గేటు దగ్గరే ఆపింది. "ఉరుకుందమ్మా, పిల్లలున్న టైములో నువ్వు రావద్దు. పేరెంట్స్ అడుగుతున్నారు. ఇది అంటుకునేదేమో కదా."

లోపల నేను నాటిన బంతి మడి దగ్గర పిల్లలు ఫోటోలు దిగుతున్నారు. నేను గేటు బయట నీళ్ల పైపు చుట్ట పట్టుకుని నిలబడి ఉన్నాను. ఆ రోజు తిరుగు బస్సులో నా పక్క సీటులో కూర్చున్నామె నా ముఖం చూసి లేచి వెనక్కి పోయింది. ఆ వారమే మా ఆడబిడ్డ ఇంట్లో అందరికీ స్టీలు గ్లాసుల్లో టీ ఇచ్చి, నాకు పేపర్ కప్పులో ఇచ్చింది. టీ వాకిట్లో పారబోసి వచ్చాను. కుష్ఠు అని నా వెనక అనుకున్నారని మద్దిలేటి ద్వారా తర్వాత తెలిసింది. ముందే చెప్పనందుకు అతనితో నాలుగు రోజులు మాట్లాడలేదు.

ఆదోనిలో ఒక స్కిన్ డాక్టర్ దగ్గరికి పోయాం. ఆయన తల ఎత్తి ఒకసారి చూశాడు. "సన్ ఎలర్జీ. ఎండలో పోవద్దు. సన్‌స్క్రీన్ రాసుకో." ఎమ్మిగనూరులో ఎండలో పోవద్దంటే ఇంకెక్కడ బతకాలో ఆయన చెప్పలేదు. గొడుగు కొన్నాను. గొడుగు నీడలో కూర్చుని వయ్యారిభామ నలిపాను.

చివరికి కర్నూలులో పెద్దాసుపత్రికి పోయాం. స్కిన్ ఓపీ ముందు వరుసలో మూడు గంటలు నిలబడ్డాం. లోపల ఒక చిన్న వయసు డాక్టరమ్మ ఉంది. ఈమెకేం తెలుస్తుందిలే అనుకున్నాను. ఆమె నా గడ్డం పైకెత్తి కింద చూసింది. చెవులు మడిచి వెనక చూసింది. కళ్లు మూయించి రెప్పల మీద వేలు పెట్టి చూసింది. అంతకు ముందు ఏ డాక్టరూ నా ముఖాన్ని ముట్టుకుని చూడలేదు.

"ఎండ ఎలర్జీ అయితే ఎండ తగిలే చోట ఉండాలి కదమ్మా. మీకు గడ్డం కింద, రెప్పల మీద, చెవుల వెనక ఎక్కువ ఉంది. గాలిలో వచ్చి వాలే పదార్థం ఇది. ఏం పని చేస్తారు?"

నర్సరీ అన్నాను. ఏ మొక్కలు అంది. నోట్‌బుక్ తీసి చదివాను. గడ్డి సంగతి కూడా చెప్పాను, కొంచెం గొప్పగానే. ఆమె పెన్ను పక్కన పెట్టింది. తర్వాత నా ట్యూబ్ చూసి, ఎన్నాళ్లుగా అని అడిగింది. చెప్పాను. "ఇది స్టెరాయిడ్. జబ్బును దాచిపెట్టింది, పైగా మీ చర్మాన్ని పల్చన చేసింది" అంది.

ప్యాచ్ టెస్ట్ చేశారు. ఏది పడదో తేల్చడానికి, ఒక్కో మొక్క సారం పెట్టిన చిన్న చిన్న బిళ్లలు వీపు మీద వరుసగా ప్లాస్టర్‌తో అంటించారు. రెండు రోజులు నీళ్లు తగలకూడదు, చెమట పట్టకూడదు, గోకకూడదు. మే నెల అది. వీపును గోడకు రుద్దుకోకుండా ఉండటానికి రెండు రాత్రులు బోర్లా పడుకున్నాను. బిళ్లలు తీసి ఒకసారి చూశారు, మరో రెండు రోజులు ఆగి రమ్మని ఇంకోసారి చూశారు.

"పార్థీనియం త్రీ ప్లస్. క్రిసాంథిమమ్ టూ ప్లస్" అని డాక్టరమ్మ పక్కనున్న విద్యార్థులకు చెప్పింది. తర్వాత నా వైపు తిరిగింది. "మీది ఎయిర్‌బోర్న్ కాంటాక్ట్ డెర్మటైటిస్. మేం ఏబీసీడీ అంటాం. పురుగుమందు కాదమ్మా, ఆ వయ్యారిభామ. దాని పొడి గాలిలో వచ్చి చర్మం మీద పడుతుంది. ఇది ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు."

నా ముఖాన్ని దాదాపు రెండేళ్లు తిన్న జబ్బుకు ఎల్‌కేజీ పిల్లలు రాసుకునే పేరు. నవ్వు రాలేదు.

"ఇంకోటి. బంతి, చామంతి, జినియా, కాస్మాస్, పొద్దుతిరుగుడు, అన్నీ దాని కుటుంబమే. ఒకదానికి పడనివాళ్లకు మిగతావీ పడకపోవచ్చు. మీకు చామంతితోనే లేచింది. వాటి జోలికి పోవద్దు. పత్తి కూలికీ పోవద్దు, గట్ల నిండా అదే గడ్డి."

నాకు ఒళ్లు మండిపోయింది. నర్సరీ పోతే చేలకైనా పోవచ్చనుకున్న దారి కూడా మూసేసింది. "అవన్నీ పోతే నా నర్సరీలో ఏం మిగుల్తాది మేడం?" అన్నాను గట్టిగా.

"మీ ముఖం మిగులుతుంది" అంది, చీటీ రాస్తూనే.

ప్రెడ్నిసొలోన్ మాత్రలు వారం వారం తగ్గిస్తూ వేసుకోమంది. అజాథయోప్రిన్ అని ఇంకోటి మొదలుపెట్టింది. దానికి రెండు వారాలకోసారి సీబీసీ, ఎల్‌ఎఫ్‌టీ రక్త పరీక్షలు. ముఖానికి టాక్రోలిమస్ పూత. మొదటి వారం ఆ పూత రాస్తే మంట. రెండో నెలకు అద్దంలో నా ముఖం నాకు కనబడింది.

కనబడగానే బుద్ధి గడ్డి తింది. దసరా దగ్గరపడింది. బంతి అడిగేవాళ్లకు లెక్కలేదు. బడి తోటలో పాత బంతి ఎండిపోయింది, కొత్తది పెట్టమని మేడం ఫోను. గ్లౌజులు తొడుక్కుని, ముఖానికి స్కార్ఫ్ చుట్టుకుని నేనే పోయి నాటాను, పిల్లలు లేని ఆదివారం. ఆ స్కార్ఫ్‌నే నాలుగు రోజులు ఉతక్కుండా చుట్టుకున్నాను. ఐదో రోజుకు ముఖంతో ఆగలేదు. ఛాతీ, చేతులు, తొడలు, ఒళ్లంతా లేచింది. జ్వరం, వణుకు. ఆసుపత్రిలో పది రోజులు పెట్టుకున్నారు. రక్త పరీక్షలో తెల్లకణాల లెక్క పడిపోయిందని అజాథయోప్రిన్ కూడా కొన్నాళ్లు ఆపేశారు.

డాక్టరమ్మకు కోపం రావడం మొదటిసారి చూశాను. "చేతులకు గ్లౌజులు వేశారు. గాలికి ఏం వేశారు? ఆ స్కార్ఫ్ పొడిని పట్టి మీ ముఖానికే కట్టిపెట్టింది."

ఇంటికి వచ్చేసరికి నర్సరీలో సగం నేల ఖాళీ. బంతి లేదు, జినియా లేదు, కాస్మాస్ నారు మడి కూడా లేదు. పక్క ప్లాటులో గడ్డి పూత రాకముందే తడిపి, వేళ్లతో సహా పీకి గోతిలో పూడ్చేశాడు మద్దిలేటి.

"నన్ను అడగకుండా ఏమిటికి పీకినావ్?"

"అడిగితే పీకనిస్తావా నువ్వు? నీ నర్సరీ నీకు ఎట్లనో, నువ్వు నాకు అట్ల. ఇంగ తిట్టుకో, తిట్టుకుంటే తిట్టుకో."

తిట్టలేదు. ఖాళీ మడి గట్టు మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. నా చేతులతో పెంచినవన్నీ నాకు పడనివే అని తెలిశాక వచ్చిన ఏడుపు అది. సీతాకోకచిలుక ఒకటి ఖాళీ మడి మీద తిరుగుతుంటే తువ్వాలు విసిరి తోలేశాను.

తర్వాత కొత్త నోట్‌బుక్ మొదలుపెట్టాను. ఈసారి వాటికి ఏది ఇష్టమో ఒక్కటే చూడలేదు, నాకు ఏది పడుతుందో ముందు చూశాను. ప్రతి మొక్క పేరూ కర్నూలు పోయినప్పుడు డాక్టరమ్మకు చూపించి, ఆ కుటుంబం కాదని తేలాకే తెచ్చాను. తేనెకు నూరు వరహాలు, బిల్లగన్నేరు, పెంటాస్. గుడ్లకు కరివేపాకు, నిమ్మ, తంగేడు. నారింజ రంగు రెక్కలవి జిల్లేడు మీద పెడతాయి, కానీ దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పు, కాబట్టి పిల్లలున్న చోటికి దాన్ని ఇవ్వను. గిలకల్లాగా మోగే కాయల గిలిగిచ్చ మొక్క కంచె పక్కన పెట్టాను, దాని ఎండిన కొమ్మలకు కూడా సీతాకోకచిలుకలు వచ్చి అతుక్కుంటాయి. కరివేపాకుకు గొంగళి పురుగులు తిన్న చిల్లులున్నాయని బేరమాడేవాళ్లు ఉన్నారు. చిల్లులు వద్దనుకునేవాళ్లకు సీతాకోకచిలుకలు ఎందుకని అడుగుతాను. కొందరు మొహం ముడుచుకుని పోతారు. పోనీ.

బడికి పోయి బంతి తీసేస్తానన్నాను. "తీసేస్తే కలర్ ఏముంటుంది? పిల్లలు డిజప్పాయింట్ అవుతారు" అంది మేడం. ఈసారి కూడా గేటు దగ్గరే మాట.

"మీ పిల్లోళ్లలో ఒగరికి నా మాదిరి లేస్తే, వాన్ని గూడా గేటు బయటనే నిలబెడతారా మేడం? ఇది అంటుకోదని డాక్టర్ రాసిచ్చిన కాయితం ఉండాది. సదువుకోండి."

కాగితం చదివింది. గేటు తీసింది. మద్దిలేటి బంతి పీకి, మొదళ్లలో పరిచిన గడ్డీ ఎత్తేసి, నూరు వరహాలు, కరివేపాకు పెట్టాడు. ఆమె నాకు సారీ చెప్పలేదు. నేనూ ఆమెను క్షమించలేదు. తోట మాత్రం బాగానే ఉంది.

జబ్బు పోలేదు. పోదని డాక్టరమ్మ చెప్పింది, అదుపులో ఉంటుంది. అజాథయోప్రిన్ తక్కువ మోతాదులో మళ్లీ వేసుకుంటున్నాను, పరీక్షలు తప్పడం లేదు. వానల కాలంలో రెప్పలు బరువెక్కుతాయి. చెంపల మీద నలుపు అలాగే ఉంది. పక్క ప్లాటు ఓనర్‌తో ప్రతి ఏడూ గొడవే, ఆ గడ్డి తీయించేదాకా ఊరుకోను. సీతాకోకచిలుకలను చూసి మనసు తేలికైంది లాంటి మాటలు నా దగ్గర ఆశించకండి. నేను వాటిని అమ్ముకునే మనిషిని. వాటికి నేను అక్కర్లేదు, నాకు అవి పని.

మొన్న కోడుమూరు వైపు నుంచి ఒక కూలామె వచ్చింది. తులసి మొక్క కావాలంది. ముఖానికి టవల్ చుట్టుకుని కళ్లు మాత్రమే కనబడుతున్నాయి. ఆ రెప్పలు చూడగానే అర్థమైంది. టవల్ తీయమంటే తీయలేదు. నేనే తీశాను.

"మందు పడిందక్కా. ఆర్‌ఎంపీ ట్యూబ్ ఇచ్చినాడు" అంది.

ఎవరు చెప్పినారు నీకు మందని, ఎన్ని ట్యూబులు పూసినావు అని ఆమెను నిలబెట్టి తిట్టాను. ఆ తిట్ల మధ్యలో ఆమెకు చెప్పిందే మీకూ చెబుతున్నాను. స్కిన్ డాక్టర్ దగ్గరికి ఒట్టి చేతులతో పోకండి. రోజూ మీ చుట్టూ ఉండే చెట్టూ చేమా, గట్టు మీది గడ్డి, కొట్టే మందు డబ్బా, రాసుకునే ట్యూబ్, అన్నీ సెల్‌ఫోన్‌లో ఫోటోలు తీసుకుని పోండి. వాళ్లు అడగకపోయినా చూపించండి. చూడనంటే ఇంకో డాక్టర్ దగ్గరికి పోండి.

ఆమె అంతా విని, పోబోతూ ఆగి, చాలా మెల్లగా అడిగింది.

"ఇది అంటుకుంటాదా అక్కా? నా బిడ్డకు ఏడాది. మూడు నెల్ల నుంచి ఎత్తుకోలేదు నేను."

"అంటుకోదు. ఆసుపత్రికి రేపు పోదువులే. ముందు ఇంటికి పోయి బిడ్డను ఎత్తుకో" అన్నాను.